ఎర్ర మేకు

హాతీరాం అంత తెలివితక్కువవాణ్ణి నేనెక్కడా చూడలేదు. మీట లాగి వదిలితే ఇనుప గుండు మేకుల మధ్య దొర్లి గుంటలో పడే ఆటబల్ల నాది. ఏటా జాతర ముగిసే రోజు, పొయ్యిలోకి కూడా పనికిరాని పాత బల్లను అతనికి అంటగట్టేవాణ్ణి. బొగ్గుబావిలో ఒళ్లు హూనం చేసుకుని సంపాదించిన జీతంతో ఇరవై ఏళ్లుగా కొంటూనే ఉన్నాడు, పిచ్చి మాలోకం.

ఎనభై తొమ్మిదిలో కాలు విరిగి అతను పర్ణశాల జాతరకు రాలేదు. బేరం పోగొట్టుకోవడం దేనికని బల్లను చంకన పెట్టుకుని నేనే ఇల్లందు బస్సెక్కి, అతని తండాకు వెళ్లాను.

గోడల నిండా నా బల్లలే. ఒక్కదాని మీదా దుమ్ము లేదు.

"ఇల్లంతా చెత్తతో నింపావేంటి హాతీరాం" అని నవ్వాను.

దగ్గరికి వెళ్లాక నవ్వు ఆగిపోయింది. ప్రతి బల్ల మీదా ఒక్క మేకుకే ఎర్రరంగు వేసి ఉంది. పెద్ద బహుమతి గుంటలో గుండు పడకుండా నేను వంచిన మేకు అది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి ఏడాది నుంచే, వెంకటప్పయ్యగారు."

"మరెందుకు కొన్నావు?"

"ఒక్క ఏడన్న వంచకుంట ఉంటరేమోనని చూస్తున్న. గసొంటి బల్ల ఒక్కటి దొరికిన్నాడు కొనుడు బంద్ పెడ్త."

నా చంకలోని బల్లను అందుకుని, మంచం మీద నుంచే మేకుల వెంట బొటనవేలు పోనిచ్చాడు. ఒకచోట వేలు ఆగింది.

నా ముఖం కూడా చూడలేదు. మంచం కింది నుంచి ఎర్రరంగు డబ్బా తీశాడు.