చేతులు చూసే మనిషి

“ఆయన తెర చూడడు. మన చేతులు చూస్తాడు!” అంది యాస్నా మైకులో.

స్కూలు జిమ్ హాలంతా గొల్లున నవ్వింది. ఓడరేవు ఊరు తాల్కావానోలో యానిమే వేషాల పండగ ముగిసే సాయంత్రం ఏటా ఇదే తంతు. వచ్చినవాళ్ళు మైకు ముందు వరసకట్టి, ఏది బాగుందో ఏది తగలడిందో నడిపినవాళ్ళ మొహం మీదే చెప్తారు. ఇందాకటిదాకా వీడియో ఆటల గదిలో ఉక్క గురించీ, పనిచెయ్యని జాయ్‌స్టిక్కుల గురించీ నడిచింది. ఇప్పుడు హెరిబెర్తో వంతు వచ్చింది.

ఆయన చివరి బెంచీ మీద ఉన్నాడు. రంగు జుట్లకీ అట్టకత్తులకీ మధ్య, ఓడరేవు పనివాళ్ళ నీలం కోటుతో. అందరూ వెనక్కి తిరిగేసరికి రెండు చేతులూ మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు, తప్పు వాటిదేనన్నట్టు.

“నవ్వకండర్రా, నిజంగానే చెప్తున్నా,” అంది యాస్నా. “గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు లేచి వరస చివరికి పోతాడు. అదీ మన గది పద్ధతి. ఈయన ప్రతిసారీ ఓడతాడు. మళ్ళీ వచ్చి ఇంకెవరి పక్కనో కూర్చుంటాడు. నా గోళ్ళరంగు నాకన్నా ఆయనకే బాగా గుర్తు!”

“ఎవర్నైనా ఏమైనా అన్నాడా?” అడిగాడు వాల్దో. పండగ నడిపే కుర్రాళ్ళకి అతనే పెద్ద.

“అంటే బాగుండేది. తిరిగి నాలుగు తిట్టేదాన్ని.”

“బాబాయ్, మీరేమంటారు?”

హెరిబెర్తో లేచి నిలబడ్డాడు. “ఆట నేర్చుకుందామని...”

“రెండేళ్ళుగానా?” ఎవరో అరిచారు. “మా అమ్మమ్మకి నేర్పుంటే ఈపాటికి కప్పు తెచ్చేది!”

వాళ్ళతో పాటు ఆయనా నవ్వాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. కొడుకు దామియాన్ తనతో మాటా మాటా పెరిగి ఇల్లు వదిలిపోయాడనీ, ఎక్కడున్నాడో తెలీదనీ, వాడి ప్రాణమంతా ఉన్న ఆట ఈ గదిలోనే ఉందనీ ఇంతమంది ముందు ఎలా చెప్పడం? ఇక్కడ మొహాలకి ముసుగులుంటాయి. ఆటకి కూర్చున్నాక చేతులకి ఉండవు. దామియాన్ ఎడమచేతి చిటికెనవేలు బయటికి వంకర. చిన్నప్పుడు బంతి తగిలి విరిగితే, ఇంతదానికి ఆసుపత్రి ఎందుకని తనే ఐస్‌క్రీం పుల్ల పెట్టి కట్టాడు. అది అలాగే అతుక్కుంది. ఎన్ని ముసుగుల మధ్యనైనా తన చేతిపనిని తను గుర్తుపట్టలేడా? ఆ వేలు ఏదో ఒకరోజు పక్క జాయ్‌స్టిక్ మీదికి వస్తుంది. వస్తే ఏం చెయ్యాలో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. బహుశా ఓడిపోతాడు. అంతే.

“ఒక మూల కూర్చుంటాను బాబూ,” అన్నాడు. “ఆడను కూడా ఆడను. వచ్చే ఏడాది రానిస్తే చాలు.”

హాల్లో నవ్వు తగ్గింది. “రానివ్వండి పాపం,” అన్నాడు ముందు వరసలో ఒక బొద్దు సమురాయ్. “నా జన్మలో నేను గెలిచింది ఆయన మీదే.”

“పాపమే, కాదనను,” అంది యాస్నా. ఆమె గొంతులో వేళాకోళం పోయింది. “కానీ ఈయన లోపల ఉంటే రాలేనివాళ్ళూ ఉన్నారు. ఇదిగో, నా పక్కనున్న వీడు ఈ ఆట కోసం చియాన్ ఊరి నుంచి బస్సెక్కి వచ్చాడు. పండగన్నాళ్ళూ గుమ్మం దగ్గరే. తొంగిచూడ్డం, ఈయన కనపడగానే వెనక్కి తిరగడం. ఎందుకురా అంటే చెప్పడు. నిన్న మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.”

ఆమె పక్కన నక్క ముసుగు వేసుకున్న కుర్రాడు తల వంచుకున్నాడు. చేతులకి పంజాల తొడుగులు.

హెరిబెర్తో ఆ నక్క వైపు చూశాడు. ఎవరి బిడ్డో, తనవల్ల ఆట లేకుండా పోయింది అనుకుంటూ కూర్చున్నాడు.

“సరే, చేతులతోనే తేల్చేద్దాం,” అన్నాడు వాల్దో. “తొడుగులు తీసి మరీ ఎత్తండి. పోయినేడు ఒక ఆక్టోపస్ ఎనిమిది ఓట్లు వేసింది. ముందు, బాబాయ్ రావచ్చన్నవాళ్ళు!”

చేతులు లేచాయి. వాల్దో పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.

“దించండి. వద్దన్నవాళ్ళు!”

మళ్ళీ లేచాయి. చేతులు కనపడితే చూడకుండా ఉండలేని అలవాటు హెరిబెర్తోది. ఊదారంగు గోళ్ళు. బొటనవేలికి ఉంగరం. సిరా మరకలు. యాస్నా పక్కన నక్క కుర్రాడు ఎడమచేతి తొడుగు మెల్లగా లాగి, చెయ్యి పైకెత్తాడు.

చిటికెనవేలు బయటికి వంగి ఉంది.

హెరిబెర్తో సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ నక్క మొహం ఆయన వైపు తిరగలేదు.

“సమానం!” వాల్దో తల గోక్కున్నాడు. “చెయ్యెత్తనిది బాబాయ్ ఒక్కరే. మీరూ టికెట్ కొన్నారుగా, మీకూ ఓటుంది. రావచ్చని మీ ఓటు మీరే వేసేసుకోండి, గొడవ వదిలిపోతుంది.”

సమురాయ్ చప్పట్లు కొట్టాడు. హాలంతా మళ్ళీ నవ్వింది. “వద్దన్నవాళ్ళు ఇంకా దించకండి. బాబాయ్, ఇప్పుడు మీరు చెయ్యెత్తకపోతే రావచ్చన్నట్టే లెక్క,” అన్నాడు వాల్దో.

వద్దన్న చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. హెరిబెర్తో మోకాళ్ళ మధ్య నుంచి తన చెయ్యి తీసి, వాటితో పాటే పైకెత్తాడు.