డిక్కీలోంచి గొంతు

"పొయ్యమను!"

మూసిన కారు డిక్కీలోంచి భర్త గొంతు. ఇంటి ముందు ఆమె తప్ప ఇంకెవరూ లేరు. నీళ్ళ పైపు పట్టుకున్నదీ ఆమే. అయినా "పొయ్యి" అనడు, "పొయ్యమను" అంటాడు. చుట్టాలందరి ముందూ "నీకేం తెలుసు, నోరు మూసుకో" అని అతను ఆమెను కసిరిన నాటి నుంచి ఆ ఇంట్లో మాటలన్నీ గోడ మీదుగానే నడుస్తున్నాయి.

"ఎక్కడ పొయ్యాలో చెప్పమను," అంది ఆమె గోడకేసి చూస్తూ.

"ఎడమ పక్క లైటు మీద."

వానపడితే చాలు, డిక్కీలోకి నీళ్ళు చేరుతున్నాయి. స్టెప్నీ ఉండే గుంట కాస్తా తొట్టి అయిపోయింది. వెనక లైట్లు వాటంతటవే వెలిగి ఆరుతున్నాయి. ఆమె అక్కగారింటికి పోవడానికి పెట్టె సర్ది గుమ్మంలో పెట్టింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అతను గోడనైనా అడగలేదు. "డిక్కీ ఇలా ఉంటే పెట్టె తడుస్తుంది. నీళ్ళు కారేది ఎక్కడో చూసి, బాగుచేసి దింపుతానని చెప్పు" అన్నాడు, అంతే. చూడటానికి అతనికి తెలిసిన దారి ఒకటే. ఒకరు టార్చి పట్టుకుని లోపల పడుకోవాలి, ఇంకొకరు బయట నుంచి నీళ్ళు కొట్టాలి.

"దొరికింది! లైటు చుట్టూ రబ్బరు చచ్చింది. ధారగా వస్తున్నాయి. ఆపమను... ఆపమను!"

లోపల చిటపటమంది. వెనక లైట్లు రెండూ భగ్గున వెలిగి ఆరిపోయాయి. ఆమె పైపు పారేసి డిక్కీ మీట నొక్కింది. రోజూ టక్కున లేచే మూత ఉలకలేదు. తాళంచెవి మీది బొత్తాం నొక్కింది. డ్రైవరు సీటు పక్కది నొక్కింది. అన్నీ కరెంటు మీద బతికేవే. తాళంచెవి పెట్టి తిప్పుదామంటే ఆ డిక్కీకి కన్నమే లేదు.

"తెరవమను," అన్నాడతను. ఆ వెంటనే గొంతు మారిపోయింది. "ఏమే... వైరు కాలుతున్న వాసనొస్తోంది."

గోడ మీదుగా కాదు, సూటిగా తననే పిలిచాడు.

వీధి మలుపులో మెకానిక్ షెడ్డు. చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. పైపు పట్టింది నేను, నీళ్ళు కొట్టింది నేను. దారంతా అదే మాట బుర్రలో తిరిగింది.

"తమ్ముడూ, మీ బావ డిక్కీలో ఇరుక్కుపోయాడు!"

"డిక్కీలోకి ఎందుకెళ్ళాడక్కా?"

"నేను నీళ్ళు కొడుతుంటే చూడ్డానికి."

"అది బయట నిలబడి చూడొచ్చు కదక్కా!"

"నీ వేళాకోళం తగలెయ్య! కాలుతున్న వాసనొస్తోందిరా!"

ఆ మాటతో మెకానిక్ ఆమెకంటే ముందు ఉరికాడు. బానెట్ ఎత్తి, తీగలు ఊడబీకి, బ్యాటరీని తెచ్చి ఇంటి మెట్టు మీద పెట్టాడు.

"బండిలో ఇక చుక్క కరెంటు లేదు. ఏదీ కాలదు, భయపడకు. బావా, వినబడుతోందా?"

"ఆఁ."

"కొన్ని బళ్ళకి లోపల, మూత దగ్గర, చిన్న పిడి ఉంటుంది. కరెంటుతో పనిలేదు, చేత్తో లాగితే తెరుచుకుంటుంది. తడిమి చూడు."

లోపల మూతను తడుముతున్న చప్పుడు వినబడి, ఆగింది.

"లేదు తమ్ముడూ. టార్చి కూడా ఆరిపోయింది."

"అయితే వెనక సీటు విప్పాల్సిందే. పానాలు తెస్తా."

"ఈలోగా ఊపిరాడుతుందంటావా?"

"అన్ని నీళ్ళొచ్చే కన్నంలోంచి కాస్త గాలి రాదా అక్కా," అంటూనే అతను షెడ్డు వైపు పరుగెత్తాడు.

ఆ ధైర్యం అతనితోనే వెళ్ళిపోయింది. ఆమె కారెక్కి, మోకాళ్ళ మీద కూచుని, వెనక సీటుకి నోరు ఆనించింది.

"ఏమండీ."

పలకలేదు.

"ఏమండీ!"

"ఊఁ." నూతిలోంచి వచ్చినట్టుంది.

"ఊపిరాడుతోందా?"

"ఏమో... చలిగా ఉంది."

ఆ తర్వాత ఆ మాత్రం గొంతు కూడా లేదు. ఆమె రెండు చేతులా సీటును బాదింది.

"పలకండి! నోరు మూసుకోమన్నారు, మూసుకున్నా. నేను మాట మానేస్తే మీరు ఊపిరి మానేస్తారా? పలకండీ!"

"తప్పయిందే," అన్నాడతను, చాలాసేపటికి. "నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది. నువ్వు చెప్పిందే రైటు. ఏమీ తెలియనిది నాకే."

"ఇప్పుడెందుకండీ అవన్నీ!"

"మళ్ళీ చెప్పే వీలుంటుందో ఉండదో. నువ్వెలాగూ వెళ్ళిపోతున్నావుగా."

"నేనెక్కడికీ వెళ్ళను! పెట్టె లోపల పెట్టేస్తా. మీరు బయటికొస్తే చాలు, నాకింకేం వద్దు."

"నిజంగా?"

"మీ మీద ఒట్టు!"

టక్.

డిక్కీ మూత లేచింది.

ఆమె దిగి పరుగెత్తింది. అతను తడిసి ముద్దయి, స్టెప్నీ మీద కూచుని, వెలుగుకి కళ్ళు చికిలిస్తున్నాడు. ఆమె కొంగుతో అతని తల తుడిచింది, తుడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. ఇన్నాళ్ళ మాటలూ ఒక్కసారే వస్తున్నాయి.

మెకానిక్ పానాలతో రొప్పుతూ వచ్చి ఆగిపోయాడు.

"అదేంటి బావా, ఎలా తెరుచుకుంది?"

"కరెంటు వచ్చినట్టుంది తమ్ముడూ," అన్నాడతను, ఆమె భుజం ఆసరాతో దిగుతూ.

మెకానిక్ ఇంటి వైపు చూశాడు.

బ్యాటరీ ఇంకా మెట్టు మీదే ఉంది.