స్పితి యాత్రకు ఎసరు

"మళ్లీ ముద్దే!" అంది శేషారత్నం గరిటె పైకెత్తి. గరిటెకు అన్నం అంటుకుందో, అన్నానికి గరిటె అంటుకుందో ఆ దేవుడికే తెలియాలి.

రామ్మోహనరావు తన చూపుడువేలి వంక కోపంగా చూసుకున్నాడు. బియ్యం మీద వేలు ఆనించి మొదటి కణుపు దాకా నీళ్లు పొయ్యమంది. పోశాడు. తప్పు ఆయనది కాదు, కణుపుది. ఆయన వేళ్లు అరటికాయలు. ఒక్కో కణుపూ శేషారత్నం వేలంత పొడుగు.

"అయినా అంత ఎత్తున అన్నం ఉడకదట రత్నం! స్పితిలో పొద్దున పొయ్యెక్కించిన పప్పు, సాయంత్రానిక్కూడా గుడ్లు మిటకరించి చూస్తుందట."

"అక్కడ ఉడక్కపోతే పోనీండి. ముందు మల్కాజ్‌గిరిలో ఉడికించండి. వంట పాసైతేనే ప్రయాణం. లేదంటే ఆ సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దాం."

సైకిలు మాటెత్తితే చాలు, రామ్మోహనరావు ప్రాణం గిలగిల్లాడేది. గేర్ల సైకిలు మరి! అది వాకిట్లోకి వచ్చిన రోజే వీధి వీధంతా తిరిగి చాటాడు. హిమాలయాల వెనక స్పితిలో గడ్డిపోచ మొలవని ఎడారి కొండలున్నాయని, ఈ ఎండాకాలం తమ ఇంటి సైకిలు ఆ కొండలెక్కకపోతే తన పేరు పెట్టి కుక్కను పిలుచుకోమని. ఎదురింటివాళ్లు అప్పుడే ఒక కుక్కపిల్లను తెచ్చి, పేరు పెట్టకుండా ఆగారు.

ఆ కాలనీలో పెద్దవాళ్ల సైకిలు జట్టు ఒకటుంది. ఆదివారం తెల్లారకముందే సైకిలు వాకిట్లోంచి మాయమయ్యేది. ఎండెక్కాక కీసరగుట్ట దుమ్మంతా పూసుకుని ఇల్లు చేరేది. ఈసారి జట్టు చూపు స్పితి మీద పడింది.

ఏ దారిన ఎక్కాలన్నదే తగువు. భోజనాల బల్ల మీద మ్యాపు, అది ఎగిరిపోకుండా దాని మీద ఆవకాయ జాడీ.

"మనాలి నుంచైతే దగ్గర కదండీ," అంది శేషారత్నం.

"దగ్గరే. పైకి పోవడానికీ అదే దగ్గర దారి! ఒక్క ఊపున కనుమ ఎక్కించేస్తుంది, ఊపిరి కిందే ఉండిపోతుంది. సిమ్లా వైపు నుంచైతే కొండ మర్యాదస్తుల్లా మెల్లగా లేస్తుంది. నది పక్కనే రోడ్డు. నాకో, టాబో, కాజా... ఊళ్లూ తగుల్తాయి."

"సరే, సిమ్లా దారే. మీ మాటే నెగ్గింది. మరి అన్నం?"

అన్నంతో ఆగితే బాగానే ఉండేది. మాత్రలు అడక్కుండానే గుర్తుపెట్టుకుని వేసుకోవాలంది. ఒంటరిగా పడుకోవడం అలవాటు చేసుకోవాలంది. ఒక్క బకెట్టు నీళ్లలో బట్టలు ఉతుక్కోవాలంది.

డాబా మీద ఆయన బనియన్ల పీక పిసుకుతుంటే పక్క డాబా నుంచి ప్రభుదాస్ తొంగిచూశాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి.

"ఏంది సార్, బనియన్‌తోని కుస్తీ? ఈ వయసుల మీకు గింత తక్లీఫ్ అవసరమా? జెర సోచాయించున్రి."

"మాటిచ్చాను ప్రభుదాస్."

"నేను సుత మా ఇంటామె సువార్తకు శాన మాటలిచ్చిన. ఒక్కటన్న నిలబెట్టిన్నా?"

"నిలబెట్టకపోతే ఏమంటుంది?"

"ఏమంటది? తిట్టుకుంట వండిపెడ్తది."

రామ్మోహనరావు బనియన్‌ను బకెట్లోకి వదిలేశాడు. పరువు గుర్తొచ్చి మాట మార్చాడు. "అక్కడి గాలి సంగతి నీకు తెలీదోయ్! ఒకాయన రోజల్లా సైకిలు తొక్కాడట. ఎదురుగాలి. సాయంత్రం తలెత్తి చూస్తే పొద్దున బయల్దేరిన హోటలు ముందే ఉన్నాడు. హోటలువాడు టీ ఇస్తూ, 'మీ పొద్దుటి కప్పు ఇంకా కడగలేదు, అందులోనే తాగండి' అన్నాడట."

"మీరు చూసిన్రా?"

"విన్నాను."

"అయితే నిజమే ఉంటది."

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రానికల్లా జట్టుకు ఏ సంగతీ చెప్పెయ్యాలి. శేషారత్నం బల్ల దగ్గర కూర్చుంది. పక్షపాతం లేకుండా తీర్పు చెప్పడానికి ప్రభుదాస్ వచ్చాడు. వస్తూ వస్తూ ఇంట్లో తినేసి మరీ వచ్చాడు.

వంటింట్లో రామ్మోహనరావు బియ్యం కడిగి, గిన్నె ముందు చాలాసేపు నిలబడ్డాడు. చూపుడువేలు చాపాడు. ముడిచాడు. చివరికి చిటికెనవేలు ముంచి, దాని కణుపు దాకా నీళ్లు పోశాడు.

గిన్నె బల్ల మీదికి వచ్చింది. శేషారత్నం మూత తీసింది. మెతుకులన్నీ మల్లెమొగ్గల్లా విడివిడిగా ఉన్నాయి. ప్రభుదాస్ ఇంట్లో తిన్న సంగతి మరిచిపోయి కంచం లాక్కున్నాడు.

"సార్, రేపటి సంది మా ఇంట్ల సుత మీరే వంట షురూ చెయ్యున్రి!"

"పాస్," అంది శేషారత్నం.

రామ్మోహనరావు పరుగున వీధి గుమ్మంలోకి వెళ్లి, ఎదురింటి వైపు చూసి కేకేశాడు. "మీ కుక్కకు ఇంకేదైనా పేరు చూసుకోండయ్యా!"

వారం తిరిగేసరికి సికింద్రాబాద్ స్టేషన్‌లో ఢిల్లీ బండి సిద్ధంగా ఉంది. సైకిలును విప్పి, అట్టపెట్టెలో కట్టి సామాన్ల పెట్టెలో ఎక్కించారు. జట్టు గోల గోలగా ఫొటోలు దిగుతోంది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక స్తంభం పక్కన నిలబడ్డారు.

"వేళకు తినండి," అంది శేషారత్నం. కళ్లు తుడుచుకుంది. "ఫోను చార్జింగులో పెట్టుకోండి. ఎవరితోనూ పంతాలకు పోకండి."

"అలాగేలే. సిగ్నల్ ఉన్నచోట మాట్లాడుకుందాం."

"ఇన్నేళ్లలో ఇన్ని రోజులు విడిగా ఎప్పుడున్నాం?"

"ఏడిస్తే జట్టు ముందు నా పరువు పోతుంది," అన్నాడు ఆయన, ముక్కు ఎగబీలుస్తూ.

గార్డు ఈల వేశాడు. తోపులాట. కేకలు.

బండి కదిలేసరికి రామ్మోహనరావు ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడు. పెట్టె గుమ్మంలో హెల్మెట్ పెట్టుకుని చెయ్యి ఊపుతున్నది శేషారత్నం.