తగినంత ఉప్పు

“స్టేజీ మీద వంటా? నా వల్ల కాదమ్మా,” అన్నారు పుణ్యవతి, వంటింటి గుమ్మం బయట వేసుకున్న కుర్చీలోంచి లేవకుండానే.

“అదేంటి మామ్మగారూ! నలభై ఏళ్లుగా ఊరందరికీ వంట నేర్పిన మనిషి మీరు. మన క్లబ్‌హౌస్‌లో ఒక్క కూర చేయలేరా?” అంది రసజ్ఞ.

రసజ్ఞ ఆవిడ మనవడు లోహిత్ భార్య. కొత్త కోడలిగా ఈ తెల్లాపూర్ ఫ్లాట్‌లో అడుగుపెట్టి ఆరు నెలలైంది. ఫలానా వంటల పుస్తకం రాసిన పుణ్యవతి గారి మనవడని తెలిశాక పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం సంగతి అడగడం కూడా మర్చిపోయిన పిల్ల. హాస్టల్లో ఆమెకి చారు కాచడం నేర్పింది ఆ పుస్తకమే.

దాంట్లో గరిటెల లెక్కలూ గిన్నెల కొలతలూ ఉండవు. ‘కుతకుత ఆగి చిటపట మొదలైతే దింపండి’ అనో, ‘వాసన వీధి వాకిట్లోకి వచ్చాక ఇంకొక్క క్షణం ఆగండి’ అనో ఉంటుంది. ఉప్పు దగ్గర మాత్రం ప్రతి వంటలోనూ ఒకటే మాట, ‘తగినంత’. అలాంటి పుస్తకం ఇప్పుడు ఏ కొట్లో అడిగినా దొరకడం లేదు.

“పబ్లిషర్ శివశంకర్ గారు ఖచ్చితంగా చెప్పేశారండీ. మీరు స్వయంగా వండితే, వాళ్లు వీడియో తీసుకుంటే, మళ్లీ అచ్చు వేస్తారట. చూడందే ఈ రోజుల్లో ఎవరూ కొనరట,” అంది రసజ్ఞ.

పుణ్యవతి మొహం చిన్నబోయింది. “మా అత్తగారి చేతి రుచి ఆ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదే. అది పోకూడదు,” అన్నారు. ఆవిడ కళ్లు చెమర్చాయి.

“అయితే ఒప్పుకోండి. లోహిత్‌కి మీ చేతి వంటలో ఏది ఇష్టమో చెప్పండి, అదే చేద్దాం.”

“వాడికి ఎంతసేపూ వాళ్లమ్మ వంటే,” అని మాట దాటేసి, పుణ్యవతి లోపలికి కేకేశారు. “కిష్టమ్మా, మంట తగ్గించు! అడుగంటుతోంది.”

వంటామె కిష్టమ్మ మూత తీసి చూసి నోరు వెళ్లబెట్టింది. “ఏందమ్మా గిది! పొయ్యి కాడ ఉన్న నాకే తెల్వలే. పెద్దమ్మ చెవులతోనే వండుతది!”

“చూశారా! ఇంకా భయమెందుకండీ?” అంది రసజ్ఞ. పుణ్యవతి గారికి ఇక తప్పలేదు.

ఆదివారం క్లబ్‌హౌస్ కిక్కిరిసిపోయింది. ప్రచురణకర్త శివశంకర్ ముందు వరసలోనే కూర్చున్నాడు. పై అంతస్తులో ఉండే జాయ్స్ మైకు అందుకుంది.

“మా అమ్మ సువార్తమ్మ నర్సు ఉద్యోగానికి మస్కట్ వెళ్తూ పెట్టెలో బైబిలు పెట్టి, దాని పక్కనే ఈ పుస్తకం పెట్టుకుందండి. మా ఇంట్లో క్రిస్మస్ పులిహోర కూడా ఇందులోదే!” అంటూ పుణ్యవతి చేతులు రెండూ పట్టుకుని పైకెత్తింది. “ఇన్నేళ్లు వండిన చేతులు చూడండి! ఒక్క కాలిన మచ్చ కూడా లేదు!”

అందరూ చప్పట్లు కొట్టారు. పుణ్యవతి గబుక్కున చేతులు కొంగు చాటుకి లాక్కున్నారు.

“వంట ఎక్కడ నేర్చుకున్నారు ఆంటీ?” అని అడిగింది జాయ్స్.

“మా అత్తగారి వంటింటి గడప దగ్గరమ్మా. ఆవిడ మడి కట్టుకుని వండేవారు. నేను పోస్టాఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఇవతల నిలబడి వింటూ ఉండేదాన్ని.”

“ఎంత వినయమో!” అన్నారెవరో వెనక నుంచి.

గుత్తివంకాయకి కాయలు కోసి, కారం కూరి, కిష్టమ్మ సిద్ధంగా పెట్టింది. పుణ్యవతి లైటరు పట్టుకుని టకటకలాడించారు. పొయ్యి వెలగలేదు.

“ముందు గ్యాసు తిప్పాలి మామ్మగారూ,” అని గొణిగింది రసజ్ఞ.

“మనింట్లో పొయ్యి ఇలా ఉండదుగా!”

“ఇది మనింట్లోంచి తెచ్చిందేనండీ!”

హాలంతా గొల్లుమంది. పెద్దావిడకి కంగారు కాబోలనుకుని రసజ్ఞ దగ్గరికి జరిగి నిలబడింది. పొయ్యి వెలిగింది, నూనె కాగింది, కాయలు పడ్డాయి. అక్కడ పుణ్యవతి చెయ్యి ఆగిపోయింది.

“ఉప్పు ఎంతే?”

“తగినంత అని మీరే రాశారుగా!”

“రాశాన్లే. తగినంత అంటే ఎంతట?”

ఈసారి నవ్వులకి మైకు కూడా కీచుమంది. శివశంకర్ అయితే తొడ చరుచుకుని మరీ నవ్వాడు. మామ్మగారు భలే హాస్యమాడుతున్నారని మురిసిపోతూ రసజ్ఞే చెంచాతో ఉప్పు తీసి వేసింది.

ఆ తర్వాత పుణ్యవతి కళ్లు మూసుకున్నారు. మూత కింద కూర కుతకుతమంటోంది. ఎవరో దగ్గబోతే చెయ్యెత్తి ఆపారు. కుతకుత సన్నగిల్లి, చిన్నగా చిటపట వినిపించింది. ఒక్క క్షణం ఆగారు.

“ఆపెయ్!” అన్నారు. రసజ్ఞ పొయ్యి కట్టేసింది.

శివశంకర్ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే రెండో ముద్ద కలిపాడు. “చిన్నప్పుడు మా అమ్మ పెట్టిన కూరండీ ఇది,” అన్నాడు. “వచ్చే నెలే పుస్తకం అచ్చుకి పంపిస్తాను.”

పుణ్యవతి సంతోషం పట్టలేక రసజ్ఞని కావలించుకున్నారు. ఆవిడ జాకెట్టు చెమటతో తడిసి ముద్దయింది.

తిరిగి ఇంటికి వెళ్తూ లిఫ్టు ఎక్కాక రసజ్ఞ నవ్వు ఆపుకోలేకపోయింది. “ఎందుకండీ అంత భయం? ఈ కూర మీరు ఎన్ని వందలసార్లు చేసి ఉంటారో!”

పుణ్యవతి లిఫ్టు తలుపులు పూర్తిగా మూసుకునేదాకా ఆగి, రసజ్ఞ చెవి దగ్గరికి వంగారు.

“నా జన్మలో పొయ్యి వెలిగించడం ఇదే మొదటిసారే!”