మెట్టు దిగితే నొప్పి

ఫిజియోథెరపిస్టు పేషెంటు మోకాలిచిప్ప చుట్టూ, కాలి కదలికను కెమెరా పట్టుకునేలా, గుండ్రటి స్టిక్కర్లు అంటించి, కెమెరా ముందున్న చెక్కమెట్టు దిగమంది.

ఆమె తడబడకుండా దిగింది. తొలిసారి వచ్చినప్పుడు ఇదే మెట్టు మీద గోడ పట్టుకుని ఏడ్చిన మనిషి.

"ఇప్పుడు నొప్పి పదికి ఎంత?"

"సున్నా, మేడమ్."

థెరపిస్టు ముఖం వెలిగింది. మోకాలి నొప్పుల మీద తను చేస్తున్న ఈ పరిశోధన మొదలయ్యాక సున్నా అన్న మొదటి మనిషి ఈమే. "వ్యాయామాలు వదలకుండా చేసినట్టున్నారే."

"అబ్బే, వాటి మీదికి మనసే పోలేదు. మీరు చెప్పిన ఇంకో మాట విన్నానంతే. బరువు మోస్తూ మెట్లు దిగొద్దన్నారుగా."

"మంచి పని చేశారు. ఏం మోసేవారు?"

"మా అమ్మాయిని. పదకొండేళ్ళొచ్చినా దానికి నడక రాలేదు. మాది మేడ మీద ఇల్లు, లిఫ్టు లేదు. అలాంటి పిల్లల హాస్టల్లో చేర్పించాం."

స్టిక్కర్లు తనే ఊడదీసి థెరపిస్టు చేతిలో పెట్టింది.

"నొప్పి పోయింది కదా మేడమ్. ఇక పిల్లని ఇంటికి తెచ్చేసుకోవచ్చా?"