తేనె తిన్న నోరు

తిన్నది పళ్ల సందున కుళ్లుతున్నా నోరు కడుక్కోకుండా పడుకునే బద్ధకస్తుడా, ఈ కథ నీకే చెబుతున్నాను.

ఒక ఎలుగుబంటికి తేనె అంటే ప్రాణం. తిన్నాక వాగులో నోరు పుక్కిలించడమంటే మాత్రం మహా బద్ధకం. చిగుళ్లు వాచి నెత్తురు కారుతున్నా పట్టించుకోలేదు. రోజూ వేపపుల్ల నమిలే ముళ్లపంది ఒకనాడు ఉండబట్టలేక అంది.

"మామా, నీ నోరు ఆమడ దూరం కంపు కొడుతోంది. వాగు పక్కనే ఉంది కదా!"

"నా నోటితో నీకేం పనోయ్ అల్లుడూ? ఎన్ని తేనెటీగలు కుట్టినా తెల్లారేసరికి మానిపోయే ఒళ్లు నాది."

"ఆ ఒంటికి కావలి కాసే బలం నీ చిగుళ్ల దగ్గరే పోరాడి అలిసిపోతోంది మామా. రేపు ఇంకోచోట దెబ్బ తగిలితే ఎవరు కాస్తారు?"

ఎలుగుబంటి పకపకా నవ్వి మళ్లీ తేనెచెట్టు ఎక్కింది.

వానాకాలంలో రెండింటి కాళ్లకూ ఒకే కంపలో తుమ్మముళ్లు దిగాయి. ముళ్లపంది గాయం త్వరగానే మానింది. ఎలుగుబంటి కాలు చీము పట్టింది. వానలు వెనకబట్టేదాకా అది జ్వరంతో గుహలో మూలుగుతూనే ఉంది. ప్రాణం దక్కింది గాని కాలు వంకరపోయింది, పళ్లు ఊడిపోయాయి.

ఇప్పుడది చెట్టెక్కలేక, ఆ తేనెచెట్టు కిందే బోసినోరు తెరుచుకుని కూర్చుంటుంది. పైన తేనెపట్టు నిండుగా ఉంది. చుక్క మాత్రం రాలదు.