ఎడమ మడమ

ఆ మనిషి అరచేతిలో ఉమ్ముకుని, ఆ చేత్తోనే నాన్న బూటు అడుగు తుడిచాడు.

బెంచీ మీద పక్కనే ఉన్న ఆమె చప్పున దూరం జరిగింది.

అది కొండల మీది అడవికి పర్మిట్లు ఇచ్చే ఆఫీసు. వేసవిలో వెళ్ళాలంటే మూడు నెలల ముందే, వెళ్ళేవాళ్ళందరూ స్వయంగా వచ్చి పేర్లు రాయించుకోవాలి. ఆమె, భర్త, నాన్న రెండు రోజుల పర్మిట్ కోసం పొద్దున్నే బయల్దేరి వచ్చారు.

వస్తూ వస్తూ చిన్న ఊళ్ళలో మూడు లాడ్జీలు చూశారు. ఒకదాంట్లో దుప్పటి మీద ఎవరిదో వెంట్రుక. ఇంకోదాంట్లో బకెట్టు నిండా పాచి. మూడోదాంట్లో గ్లాసు అడుగున చచ్చిన చీమ. ఆమె మూడింటినీ కడిగిపారేసి, గత్యంతరం లేక చీమ లాడ్జీయే ఖాయం చేసింది.

"దుప్పట్లు, గ్లాసులు మనవే తెచ్చుకుందాం" అంది.

"గోడలు కూడా తెచ్చుకుందామే సబ్బుబిళ్ళా" అన్నాడు నాన్న. చిన్నప్పటినుంచీ ఆమెను అలాగే పిలుస్తాడు.

ఈ ప్రయాణం ఆయన కోసమే. ముప్పై అయిదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి, ఆ కొండల్లో జలపాతం చూడాలని ఒక్కటే కోరిక కోరాడు. ఒట్టి పరధ్యానం మనిషి. పిట్ట కనిపిస్తే దారి మరిచి దాని వెంటే పోతాడు. అందుకే ఏ రోజు ఎక్కడ, ఏ గంటకు ఎక్కడ అన్నది ఆమె పూసగుచ్చినట్టు కాగితం మీద రాసుకుంది.

ఇంతలో ఈ మనిషి దాపురించాడు.

మాసిన చొక్కా, గోళ్ళ నిండా బొగ్గు, నోరు తెరిస్తే పొగాకు కంపు. బెంచీ ముందు గొంతుక్కూర్చుని నాన్న కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. తుడిచిన బూటుకి బొగ్గుపొడి రాసి, ఒక అట్టముక్క మీద నొక్కించాడు.

"ఏంటిది? ఏం చేస్తున్నావ్?"

"ఒక్క నిమిషం అమ్మా. అడుగు పడనీండి."

"పోనీలేవే, ఊరికే బూటు తుడుస్తున్నాడు" అన్నాడు నాన్న.

ఆ మనిషి అట్టను వెలుతురుకి పెట్టి చూశాడు. "అయ్యా, మీ ఎడమ..."

"ముందు చెయ్యి తియ్యి" అందామె.

తీశాడు. తీసి, ఆమె వైపు తిరిగాడు. "మీరు కూడా కాలు ఇలా పెట్టండమ్మా."

"ఛీ" అంటూ ఆమె రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుంది.

బల్ల వెనక నుంచి గుమాస్తా లేచాడు. "ఆయన ఎందుకు చేస్తాడంటే మేడమ్..."

"ఎందుకైతే ఏంటండీ, ఉమ్మితో చేస్తాడా? ఫిర్యాదుల పుస్తకం ఇవ్వండి."

"వదిలెయ్యరాదూ" అన్నాడు భర్త.

"మీకు అన్నీ వదిలెయ్యడమే."

ముక్కు మూసుకుని, రెండో చేత్తో పేజీన్నర రాసింది. ఇలాంటి రోత మనిషిని గుమ్మంలో పెట్టుకుంటే మనుషులన్నవాళ్ళు ఇటు రారని చివర గీత గీసి మరీ రాసింది. ఆ మనిషి అట్టను చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళే దారిలోనే ఆ బూట్లు చెత్తకుండీలో పడ్డాయి. నాన్నకు కొత్తవి వచ్చాయి.

వేసవి వచ్చింది. ఆఫీసులో ఆ మనిషి లేడు. అతను కూర్చునే చోట చేతులు కడుక్కునే తొట్టి, గోడకి సబ్బుసీసా ఉన్నాయి. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

"చూశారా, ఒకళ్ళు నోరు విప్పితే ఎంత తేడానో" అంది భర్తతో.

రెండో రోజు మధ్యాహ్నం, జలపాతం ఇంకా అరమైలు ఉందనగా నాన్న కనిపించలేదు.

అప్పటిదాకా వెనకాలే వస్తున్నాడు. ఆమె కాగితం తీసి టైము చూసుకుని తల తిప్పేసరికి లేడు.

జలపాతం కుడివైపు. ఆయన దాని కోసమే వచ్చాడు కాబట్టి జనమంతా కుడివైపే వెతికారు. ఈలలు వేశారు, మైకుల్లో పిలిచారు. రెండు రోజులు గడిచాయి. ఆమె చీమ లాడ్జీలో, ఎవరిదో దుప్పటి కప్పుకుని కూర్చుంది.

వెతకడం మొదలైన మూడో రోజు పొద్దున సెలవు నుంచి గుమాస్తా వచ్చాడు. సంగతి వినగానే బీరువా తెరిచి ఏదో వెతికి, పరుగున వచ్చి చెప్పాడు.

"ఎడమ లోయలో చూడండి."

గంటలో దొరికాడు. ఒక బండకి ఆనుకుని, కొత్త బూట్లు విప్పి పక్కన జతగా పెట్టుకుని ఉన్నాడు.

"నిన్న సాయంత్రం దాకా ప్రాణం ఉన్నట్టుంది" అన్నాడు డాక్టరు.

ఆఫీసులో కాగితాల మీద సంతకాలు అయ్యాక ఆమె గుమాస్తాను అడిగింది.

"మీకెలా తెలిసింది?"

"నాకేం తెలుసమ్మా. ఆయన రాసిపెట్టాడు. ఇరవై రెండేళ్ళు ఇక్కడ అడుగుజాడలు చూసిన మనిషి. తప్పిపోయినవాళ్ళని నలభై ఒక్కమందిని ప్రాణాలతో తెచ్చాడు. ఆయన ఉండగా ఈ అడవి ఒక్కరిని కూడా ఉంచుకోలేదు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"మీరు రాసిన వారానికే తీసేశారు. ఊరు వదిలి వెళ్ళిపోయాడు."

"నాకప్పుడే చెప్పాల్సింది కదండీ."

"చెప్పబోయానమ్మా" అన్నాడు గుమాస్తా, అట్టముక్క ఆమె చేతిలో పెడుతూ.

నల్లగా నాన్న బూటు ముద్ర. అంచున ఎండిపోయిన ఉమ్మి మరక. ఆమె దాన్ని చీరకొంగుతో తుడవబోయి, ఆగిపోయింది.

మరక కింద వంకర అక్షరాలు ఉన్నాయి: "పెద్దాయన. ఎడమ మడమ బాగా అరిగింది, తెలీకుండానే ఎడమకి పోతాడు, తప్పిపోతే ఎడమ లోయ. వేసవికి వస్తున్నారు, ఆ రెండు రోజులూ నేను సెలవు పెట్టకుండా ఈయన వెనకాలే నడవాలి."